నకలు వెనుక పేజీ



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట ఏర్పాటయిందో ఆయన పేరు మీ చేతిలోని ఆహ్వాన పత్రిక మీద పెద్ద అక్షరాల్లో ఉంది. ఆయన బతికున్న రోజుల్లో ఆ పేరు పెట్టి పిలిచిన జూనియర్ మాలో ఒక్కడూ లేడు. ఇప్పుడు పలకబోతే నాలుక తడబడుతుంది. అందుకని ఇవాళ కూడా సీనియర్ గారనే అంటాను, కుటుంబ సభ్యులు మన్నించాలి. స్మారకోపన్యాసాల మీద ఆయనకు పెద్ద గౌరవం ఉండేది కాదన్న సంగతి కూడా ముందే చెప్పేస్తే నాకు తేలిగ్గా ఉంటుంది. పోయినవాళ్లను పొగడటానికి గంట తీసుకుంటారు, ఆ గంటలో పోయినాయన చేసిన పని గురించి ఐదు నిమిషాలు కూడా ఉండదు అనేవారు. కాబట్టి ఆయన గుణగణాలు పక్కన పెట్టి, ఆయన నలభై ఏళ్ల పాటు చేసిన పని గురించే మాట్లాడతాను. ఆ పని అప్పీళ్లు నడపడం.

నేను 1979లో హైదరాబాదులో ఆయన ఆఫీసులో చేరాను. మొదటి రోజు ఒక కేసు కట్ట నా ముందు పెట్టి చదవమన్నారు. నేను శ్రద్ధగా తీర్పు మొదటి పేజీ తీశాను. "అక్కడ కాదోయ్, చివరి పేజీ వెనక్కి తిప్పు" అన్నారు. కోర్టు ఇచ్చే సర్టిఫైడ్ కాపీని మనం నకలు అంటాం కదా, దాని వెనుక ఒక రబ్బరు ముద్ర ఉంటుంది. నకలుకు దరఖాస్తు పెట్టిన తేదీ, చార్జీలు కట్టమని పిలిచిన తేదీ, కట్టిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ. అన్నీ చేతిరాతే, ఒక్కోసారి సిరా అలుక్కుపోయి ఒకటో ఏడో తెలియదు. కింది కోర్టు డిక్రీ మీద జిల్లా కోర్టుకు వెళ్లే సివిల్ అప్పీలుకు 30 రోజులు, హైకోర్టుకు వచ్చే అప్పీలుకు 90 రోజులు గడువు. నకలు తయారవడానికి పట్టిన కాలాన్ని లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ కింద మినహాయిస్తారు. ఆ లెక్క ఆ ముద్రలోంచే రావాలి. తీర్పులో ఎంత అన్యాయం జరిగిందో తర్వాత చూడొచ్చు, అసలు తలుపు తెరిచి ఉందా మూసేశారా అన్నది ముందు చూడాలి.

చేరిన రెండో ఏడు ఆ లెక్కలో నేనే తప్పు చేశాను. చార్జీలు పిలిచాక మా పార్టీ డబ్బు కట్టడానికి తొమ్మిది రోజులు తాత్సారం చేశాడు. ఆ తొమ్మిది రోజులు మన ఖాతాలోవే, మినహాయింపులోకి రావు. నేను రానిచ్చాను. అప్పీలు నంబరు పడకుండానే ఆబ్జెక్షన్‌తో రిటర్న్ అయి వచ్చింది. ఆలస్యాన్ని మన్నించమని 5వ సెక్షన్ కింద పిటిషన్ వేయాలి, దానికో అఫిడవిట్ కావాలి. డిలే అఫిడవిట్లు చదివినవాళ్లకు తెలుసు, మన రాష్ట్రంలో పచ్చకామెర్లు ఆసుపత్రుల్లో కంటే అఫిడవిట్లలోనే ఎక్కువ. కక్షిదారుడికి కామెర్లు రావడం, నాటు మందు వాడటం, పత్యం చేస్తూ మంచం పట్టడం, కోలుకుని ప్లీడరు గారిని కలిసేసరికి గడువు దాటిపోవడం. నేనూ అదే రాసుకొచ్చాను. సీనియర్ గారు చదివి, "లెక్క తప్పింది నీకు, కామెర్లు ఆయనకా?" అని కాగితం నాలుగు ముక్కలు చేశారు. ప్లీడరు లెక్క తప్పాడని ఉన్నదున్నట్టు రాయించారు. ఖర్చుల కింద కొంత కట్టమని జడ్జి గారు ఆలస్యాన్ని మన్నించారు. ఆ డబ్బు నా జీతంలోంచి పోయింది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఊళ్లలో "హైకోర్టు దాకా వెళ్తా" అనేది ఒక శపథం. పైకి వెళ్లే కొద్దీ న్యాయం చిక్కబడుతుందని జనానికి ఒక నమ్మకం. కింది కోర్టులో చెప్పలేకపోయిన సంగతులు పై కోర్టులో చెప్పుకోవచ్చని, అక్కడి పెద్ద జడ్జి గారు మొహం చూసి నిజం కనిపెడతారని అనుకుంటారు. మా ఆఫీసుకు వచ్చే ప్రతి అప్పీలుదారుడూ కట్ట కంటే ముందు కథ విప్పేవాడు. సీనియర్ గారు ఓపికగా వినేవారు, విని "ఇది సాక్ష్యంలో ఉందా?" అని ఒక్కటే అడిగేవారు. చాలాసార్లు ఉండేది కాదు. లేదంటే అప్పీలు కోర్టుకు సంబంధించినంత వరకు ఆ సంగతి జరగనట్టే.

ఇది క్రూరంగా వినిపిస్తుంది. కానీ అప్పీలు కోర్టు సాక్షిని చూడదు. ఆయన బోనులో నిలబడి చెమట తుడుచుకున్నాడా, ప్రశ్న అడగ్గానే తన ప్లీడరు వైపు చూశాడా అన్నది మునసబు కోర్టులో కూర్చున్నాయనకే తెలుసు. పై కోర్టుకు వచ్చేది కాగితమే. ప్లెయింటు, రిటన్ స్టేట్‌మెంటు, వాది సాక్షుల వాంగ్మూలాలు, ప్రతివాది సాక్షుల వాంగ్మూలాలు, ఎ-1 నుంచి మొదలయ్యే వాది దస్తావేజులు, బి-1 నుంచి మొదలయ్యే ప్రతివాది దస్తావేజులు, ఆపైన తీర్పు. కొత్త సాక్ష్యం పెట్టుకోవడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 41 రూల్ 27లో ఒక సందు ఉంది. కింది కోర్టు తీసుకోవాల్సిన సాక్ష్యాన్ని తీసుకోనని తిరగ్గొట్టి ఉండాలి, లేదా ఎంత ప్రయత్నించినా అప్పట్లో ఆ కాగితం దొరకలేదని చూపాలి, లేదా తీర్పు చెప్పడానికి అది కావాలని అప్పీలు కోర్టుకే అనిపించాలి. బీరువా సర్దుతుంటే మొన్న దొరికిందన్న మాట ఆ సందులో పట్టదు. అయినా ప్రతి అప్పీలుతో పాటు రూల్ 27 పిటిషన్ ఒకటి పడేయడం మన బార్‌లో ఆనవాయితీ అయిపోయింది. అదొక దురలవాటు, నేనూ చేశాను.

గుంటూరులో మాట్లాడుతున్నాను కాబట్టి ఒక గుంటూరు కేసు చెప్పకుండా ఉండలేను. లా కాలేజీ పిల్లలందరికీ దాని పేరు తెలుసు, దాని వెనుక ఉన్న తేదీలు ఎవరికీ గుర్తుండవు. 1949 ఏప్రిల్ 22న బాపట్ల సబ్ కోర్టులో ఒక దావా పడింది. దాని విలువ 11,400 రూపాయలు. 1950 నవంబరు 14న దావా కొట్టేశారు. వాది మద్రాసు హైకోర్టుకు అప్పీలు వెళ్లాడు. అది పెండింగులో ఉండగానే 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1954 జులైలో ఈ ఊళ్లో ఆంధ్ర హైకోర్టు మొదలైంది, కోకా సుబ్బారావు గారు తొలి ప్రధాన న్యాయమూర్తి. మద్రాసు నుంచి కట్ట ఇక్కడికి వచ్చింది. 1955 మార్చి 4న ఇక్కడి హైకోర్టు కింది తీర్పును తిరగేసి దావా డిక్రీ చేసింది. ఓడిపోయిన ప్రతివాది పైకి వెళ్లాలి. వెళ్లబోతే తలుపు దగ్గరే ఆపేశారు. రాజ్యాంగం వచ్చాక సుప్రీంకోర్టుకు సివిల్ అప్పీలు వెళ్లాలంటే విలువ 20,000 రూపాయలు ఉండాలి, మీది 11,400 అన్నారు.

ఆ ప్రతివాది వాదన ఎంత సాదాగా ఉందో చూడండి. దావా పడిన రోజున హైకోర్టు మీద ఫెడరల్ కోర్టు ఉండేది, అక్కడికి వెళ్లడానికి 10,000 రూపాయల విలువ చాలు. దావా పడిన రోజున నాకున్న దారి, మధ్యలో దేశంలో ఏం మారినా, నాదే. ఆరేళ్లలో మారింది చిన్నదేం కాదు. ప్రివీ కౌన్సిల్ పోయింది, ఫెడరల్ కోర్టు పోయింది, రాజ్యాంగం వచ్చింది, రాష్ట్రం చీలింది, హైకోర్టు మారింది. గరికపాటి వీరయ్య వర్సెస్ ఎన్. సుబ్బయ్య చౌదరి కేసులో 1957 ఫిబ్రవరి 1న సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు ఆయన మాటే నిజమంది. దావా, అప్పీలు, రెండో అప్పీలు విడివిడి వ్యవహారాలు కావు, ఒకే తాడుకు వేసిన ముళ్లు. అప్పీలు హక్కు ప్రొసీజర్‌లో చిన్న వెసులుబాటు కాదు, దావా పడిన రోజే కక్షిదారుడికి దఖలు పడిన హక్కు. శాసనం దాన్ని తీసేయొచ్చు, కానీ స్పష్టంగా చెప్పి తీసేయాలి, లేదా చట్టం మాటల్లోంచి ఆ ఉద్దేశం తప్పనిసరిగా బయటపడాలి. జస్టిస్ వెంకటరామ అయ్యర్ ఒప్పుకోలేదు, వేరుగా రాశారు. ఆయన వైపు కూడా బలం ఉందని సీనియర్ గారు అనేవారు. ఉండొచ్చు. నాకు మాత్రం 11,400 రూపాయల కోసం రాజ్యాంగాన్ని ఎదురుగా నిలబెట్టిన ఆ బాపట్ల దావా అంటే అభిమానం.

ఆ తీర్పు చదివినప్పుడల్లా నాకు ఒక సందేహం కలుగుతుంది. మనం కాపాడుకున్న ఆ హక్కు దేనికి వాడుకుంటున్నాం?

సివిల్ కేసులో అప్పీళ్లు రెండు. 96వ సెక్షన్ కింద మొదటి అప్పీలు. అది విలువను బట్టి సీనియర్ సివిల్ జడ్జి కోర్టుకో జిల్లా కోర్టుకో హైకోర్టుకో వెళ్తుంది. 100వ సెక్షన్ కింద రెండో అప్పీలు, అది హైకోర్టుకే. జనం దృష్టిలోనూ మా వృత్తి దృష్టిలోనూ రెండోది పెద్దది. నా దృష్టిలో ఇది తలకిందుల లెక్క. మొదటి అప్పీలులో సాక్ష్యం మొత్తం మళ్లీ తూచవచ్చు. వాస్తవాల మీదా చట్టం మీదా కేసు పూర్తిగా తెరిచి ఉంటుంది. రెండో అప్పీలులో వాస్తవాల తలుపు మూసేసి ఉంటుంది. అంటే పొలం గట్టు ఎక్కడుంది, ప్రోనోటు మీద సంతకం ఎవరిది, ఆ రోజు డబ్బు చేతులు మారిందా లేదా, వీటి మీద చివరి మాట చెప్పేది మూసీ ఒడ్డునో నేలపాడులోనో ఉన్న హైకోర్టు కాదు. నరసరావుపేటలోనో గద్వాలలోనో జగిత్యాలలోనో రోజంతా క్రిమినల్ కేసులు, బెయిళ్లు, మోటారు ప్రమాదాల ఓపీలు విని, సాయంత్రం నాలుగింటికి "ఏ.ఎస్. పిలవండి" అని అప్పీలు చేపట్టే ఒక జడ్జి గారు. వాస్తవాల విషయంలో ఆయనే మనకు సుప్రీంకోర్టు.

ఆయన రాసే తీర్పులో ఏమేం ఉండాలో ఆర్డర్ 41 రూల్ 31 చెబుతుంది. తేల్చాల్సిన అంశాలు ఏమిటి, వాటి మీద నిర్ణయం ఏమిటి, కారణాలు ఏమిటి, డిక్రీ మారిస్తే ఇచ్చే ఉపశమనం ఏమిటి. 2001లో సంతోష్ హజారీ కేసులో సుప్రీంకోర్టు ఇంకాస్త వివరించింది. కింది తీర్పుతో ఏకీభవిస్తే కారణాలు క్లుప్తంగా ఉన్నా ఫర్వాలేదు గానీ, ఏకీభవిస్తున్నామన్న మాట పని తప్పించుకునే సాకు కాకూడదు. తిరగేస్తుంటే కింది జడ్జి చెప్పిన కారణాలకు ఎదురుపడి జవాబు చెప్పాలి. ఇప్పుడు మన జిల్లాల నుంచి వచ్చే కన్ఫర్మింగ్ జడ్జిమెంట్లు చదవండి. ప్లెయింటు సారాంశం మూడు పేజీలు, రిటన్ స్టేట్‌మెంటు సారాంశం మూడు పేజీలు, సాక్షుల జాబితా ఒక పేజీ. ఆ తర్వాత "అప్పీలులో తేల్చాల్సిన అంశం: కింది కోర్టు తీర్పులో జోక్యం చేసుకోవాలా?" అని ఒక్క వాక్యం. ఆ వాక్యం కింద ఏ కేసు పెట్టినా సరిపోతుంది. తర్వాత ఒకటిన్నర పేజీలో అప్పీలు డిస్మిస్.

జడ్జిలను అనడం తేలిక. వాళ్ల మీద ఉన్న పని నాకు తెలుసు. తప్పులో పెద్ద వాటా మాది. మొదటి అప్పీలులో వాదించే ప్లీడరు చాలాసార్లు దావా నడిపిన ప్లీడరే. తను అడగాల్సిన ప్రశ్న అడగలేదని తనే ఎలా చెబుతాడు? లేదంటే ఆఫీసులో అందరికంటే చిన్న జూనియర్ని పంపుతారు, "ఎలాగూ పై కోర్టు ఉంది కదా" అని. సీనియర్ గారి దగ్గరకు జిల్లాల నుంచి రెండో అప్పీలు కట్టలు వస్తే ఆయన విసుక్కునేది ఈ ఒక్క విషయానికే. "మొదటి అప్పీలుకు నా దగ్గరికి రావాల్సింది, కనీసం మంచి ప్లీడరు ఎవరి దగ్గరికైనా వెళ్లాల్సింది. ఇప్పుడు ఇల్లు కాలాక నీళ్ల ట్యాంకరు పిలిచారు" అనేవారు.

ఇక ఆ రెండో అప్పీలు సంగతి. ఇందులో వాస్తవాల జోలికి వెళ్లొద్దని 1890లోనే ప్రివీ కౌన్సిల్ గట్టిగా చెప్పింది, కింది కోర్టు తప్పు ఎంత ఘోరంగా కనిపించినా సరే. అయినా హైకోర్టులు వెళ్తూనే ఉన్నాయి. అన్యాయం కళ్లెదుట కనబడుతుంటే జడ్జి చేతులు కట్టుకుని కూర్చోవడం కష్టం. లా కమిషన్ 1973లో ఇచ్చిన 54వ నివేదిక తర్వాత 1976లో కోడ్‌ను సవరించారు. 1977 ఫిబ్రవరి 1 నుంచి రెండో అప్పీలుకు మామూలు చట్టప్రశ్న ఉంటే చాలదు, గణనీయమైన చట్టప్రశ్న ఉండాలి. కోర్టులో మనం దాన్ని సబ్‌స్టాన్షియల్ క్వశ్చన్ ఆఫ్ లా అనే అంటాం, తెలుగు చేస్తే అందులోని బరువు కొంత పోతుంది. అప్పీలుదారు మెమోరాండంలో ఆ ప్రశ్నను స్పష్టంగా రాయాలి. హైకోర్టు ఒప్పుకుంటే తనే ఆ ప్రశ్నను తయారుచేసి, దాని మీదే విచారించాలి. నేను ప్రాక్టీసు మొదలుపెట్టినప్పుడు రెండు రకాల కట్టలూ ఉండేవి, ఎందుకంటే సవరణకు ముందే అడ్మిట్ అయినవాటికి పాత చట్టమే. పాతవాటిలో గ్రౌండ్లు ముప్పై దాకా ఉండేవి, దాదాపు అన్నీ పోట్లాటలే. కొత్తవాటిలో ప్రశ్నలు మూడో నాలుగో. జూనియర్లకు ముప్పై గ్రౌండ్లు రాయడం సులువు, అలాంటి ఒక్క ప్రశ్న రాయడానికే చెమటలు పట్టేవి.

గణనీయం అంటే ఏమిటో దేశమంతా చెప్పుకునే కొలబద్ద మన తెలుగు కేసులోంచే వచ్చిందని చాలామందికి తెలియదు. రిమ్మలపూడి సుబ్బారావు వర్సెస్ నూని వీరరాజు, 1951లో మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి తీర్పు. ఒక ప్రశ్న మీద రెండు అభిప్రాయాలకు చోటుంటే, లేదా కోర్టు దాన్ని వివరంగా తర్కించాల్సి వస్తే అది గణనీయం. పై కోర్టు ఇప్పటికే తేల్చేసి ఉంటే, లేదా సూత్రం స్థిరపడిపోయి ఈ వాస్తవాలకు దాన్ని అన్వయించడమే మిగిలి ఉంటే కాదు. 1962లో చునీలాల్ మెహతా కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఆమోదించింది. అప్పటి నుంచి కాశ్మీరు నుంచి కేరళ దాకా ఈ మాటలే. పంజాబ్, హర్యానాలది వేరే కథ. అక్కడ పాత పంజాబ్ కోర్టుల చట్టం 41వ సెక్షన్ ఇంకా బతికే ఉందని, రెండో అప్పీలుకు గణనీయమైన ప్రశ్న అక్కర్లేదని 2016లో రాజ్యాంగ ధర్మాసనం పంకజాక్షి కేసులో చెప్పింది. అక్కడి ప్లీడర్లను చూసి అసూయపడాలో జాలిపడాలో నాకు తెలియదు.

ప్రశ్న నిలుస్తుందో లేదో చూడటానికి సీనియర్ గారికి ఒక చిట్కా ఉండేది. రాసిన ప్రశ్నను గుమాస్తాకు చదివి వినిపించేవారు. విన్నాయన "ఏ కేసు సార్ ఇది?" అని అడిగితే ప్రశ్న బాగున్నట్టు. "ఆ మాచర్ల ముసలాయన కేసే కదా" అంటే అది వాస్తవాల గొడవే, చట్టప్రశ్న వేషం వేసుకొచ్చింది. "రెండో సాక్షిని కింది కోర్టులు నమ్మకపోవడం సరైనదేనా" అన్నది ఎప్పటికీ ప్రశ్న కాదు. వీలునామా రుజువులో ఒక్క సాక్షినే పిలిచి, ఆయన రెండో సాక్షి సంతకం సంగతి చెప్పకపోతే అటెస్టేషన్ రుజువైనట్టా అన్నది ఒకప్పుడు మంచి ప్రశ్న. 2002లో సుప్రీంకోర్టు తేల్చేసింది, రుజువు కానట్టేనని. దాంతో అది ప్రశ్నగా చచ్చిపోయింది. చట్టప్రశ్నలకు కూడా ఆయుష్షు ఉంటుంది.

నేను దగ్గర నుంచి చూసిన ఒక కట్ట విప్పి చూపిస్తాను. పల్నాడు వైపు ఊరు. ముగ్గురు అన్నదమ్ములు. చిన్నాయన భాగం పంచమని దావా వేశాడు. పెద్దాయన, ఎప్పుడో పంచుకున్నాం అని ఒక తెల్లకాగితం తెచ్చాడు. అది బి-1. రిజిస్ట్రేషన్ లేదు. కింది కోర్టు ఇది పారీఖత్తు, అంటే పంపకాల దస్తావేజు, రిజిస్టర్ కాలేదు, చెల్లదు అని పక్కన పెట్టి పంపకానికి ప్రాథమిక డిక్రీ ఇచ్చింది. మొదటి అప్పీలు కోర్టు నేను ఇందాక చెప్పిన ఒక్క వాక్యపు అంశంతో ఖాయం చేసింది. పెద్దాయన మా దగ్గరకు వచ్చాడు. హైకోర్టుకు దాఖలైన ఇంగ్లీషు తర్జుమాలో బి-1 ఇలా ఉంది: మేము ఈ కింది విధంగా భాగాలు పంచుకుంటున్నాము, ఎవరి భాగం వారు అనుభవించవలెను. ఈ మాటలతో అది పారీఖత్తే, కోర్టులు అన్నది తప్పు కాదు. నేను కట్ట మూసేశాను.

సీనియర్ గారు తర్జుమా పక్కన పెట్టి అసలు కాగితం ఫోటోస్టాట్ అడిగారు. భూతద్దం తెచ్చి, మడతలు పడిన చోట అక్షరాలు కూడబలుక్కున్నారు. పై నుంచి రెండో వరసలో, మడత గీత మీద, సగం చెరిగిపోయిన ఒక మాట. "ఇదివరకే." దాని తర్వాత "పెద్దమనుషుల ఎదుట పంచుకొని". ఆ తర్వాత "అనుభవించుచున్నందున". చివర "జ్ఞాపకార్థము". తర్జుమా చేసినాయనకు మడతలో మాట కనబడలేదు, కనబడనందువల్ల మిగతా క్రియలన్నీ వర్తమానంలోకి తెచ్చుకున్నాడు. పంచుకుంటున్నాము అంటే ఆ కాగితమే పంపకం, అప్పుడు రిజిస్ట్రేషన్ కావాలి. ఇదివరకే పంచుకున్నాము అంటే జరిగిపోయిన దానికి గుర్తు రాసుకోవడం, దానికి అక్కర్లేదు. ఐదెకరాల చిల్లర భూమి ఒక భూతకాలం మీద ఆధారపడి ఉంది. పైగా హక్కులకు ఆధారమైన దస్తావేజుకు అర్థం చెప్పడం చట్టప్రశ్న అని చునీలాల్ మెహతా కేసే చెబుతోంది. మాకు తలుపు దొరికింది.

మన అప్పీలు కోర్టుల్లో ఎంతమంది జీవితాలు ఇలా తర్జుమా కాగితాల మీద నడుస్తున్నాయో ఆలోచించండి. సాక్షి తెలుగులో చెబుతాడు. క్రాస్‌లో ప్రతి సూచననూ "ఆ సంతకం నాది కాదనుట నిజము కాదు" అన్న రెండు కాదుల మూసలో రాస్తారు. ఒక కాదు జారిపోతే కేసు తిరగబడుతుంది. అది ఇంగ్లీషులోకి, ఇంగ్లీషు తీర్పులోకి, ఆ తీర్పు మళ్లీ కక్షిదారుడికి అర్థమయ్యే తెలుగులోకి. రాజ్యాంగం 348వ అధికరణం హైకోర్టు వ్యవహారం ఇంగ్లీషులో ఉండాలంటుంది. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టులో జస్టిస్ పి. నవీన్ రావు, జస్టిస్ నగేశ్ భీమపాక గార్ల ధర్మాసనం ఒక కుటుంబ ఆస్తి తగాదా అప్పీలులో తెలుగులో తీర్పు ఇచ్చినప్పుడు పత్రికలు దాన్ని భాషాభిమానంగా రాశాయి. నాకు బి-1 గుర్తొచ్చింది.

క్రిమినల్ అప్పీళ్ల గురించి ఎక్కువ చెప్పను, సీనియర్ గారు వాటిలో తక్కువ కనిపించేవారు. ఒక్క మాట. అక్కడ కక్షిదారుడు లోపల ఉంటాడు. సివిల్ అప్పీలు ఆలస్యమైతే పొలం ఎక్కడికీ పోదు, క్రిమినల్ అప్పీలు ఆలస్యమైతే మనిషి వయసు పోతుంది. విడుదల తీర్పు మీద ప్రభుత్వం అప్పీలు వేస్తే నిర్దోషి అన్న భావన రెట్టింపు బలంతో వస్తుంది. సాక్ష్యం మీద రెండు అభిప్రాయాలకు వీలుంటే కింది కోర్టు తీసుకున్నదాన్నే ఉండనివ్వాలి.

వాదన గురించి కూడా కొంత. అమెరికాలో చాలా రాష్ట్రాల అప్పీలు కోర్టుల్లో లిఖిత వాదనకు పరిమితి ఉంటుంది, మౌఖిక వాదనకు నిమిషాల లెక్క ఉంటుంది. కింది కోర్టు తీర్పును ఏ తూకంతో తూచాలో బ్రీఫ్‌లోనే చెప్పమంటారు. ఆ చివరి అలవాటు ఒక్కటి మనం తెచ్చుకుంటే చాలు. మిగతావి మన ఒంటికి సరిపోవు. మన దగ్గర మంచి వాదన సగం జడ్జి గారి ప్రశ్నల్లోంచే పుడుతుంది, దానికి గడియారం పెడితే చస్తుంది. సీనియర్ గారి పద్ధతి వేరు. తనకు వ్యతిరేకంగా ఉన్న వాస్తవాన్ని తనే ముందు చెప్పేవారు, అవతలి ప్లీడరు నోటి నుంచి రాకముందే. "మా సాక్షి ఈ చోట అబద్ధం చెప్పాడు, అయినా నా ప్రశ్న నిలుస్తుంది" అని మొదలుపెట్టడం నేను రెండుసార్లు విన్నాను. రెండుసార్లూ అవతలి ప్లీడరుకు చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

మా వృత్తి ఊళ్లు కూడా మారింది. గుంటూరులో రెండేళ్ల పైచిలుకు నడిచిన హైకోర్టు 1956 నవంబరులో హైదరాబాదు వెళ్లింది, 1920లో ప్రారంభమైన మూసీ ఒడ్డు భవనంలోకి. మద్రాసు నిర్ణయాలు మనల్ని బంధిస్తాయని 1955లో ఆంధ్ర హైకోర్టు ఫుల్ బెంచి తేల్చింది కాబట్టి వారసత్వం తెగలేదు. 2009 ఆగస్టు చివర ఆ భవనంలో అగ్నిప్రమాదం జరిగింది. 2019 జనవరి 1న హైకోర్టు రెండయింది. అరవై ఏళ్ల కట్టలు జిల్లాల వారీగా వేరు చేసి పంచుకున్నారు. అదే ఏడు మార్చిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతిలోని నేలపాడుకు వచ్చింది. అన్నదమ్ముల పంపకాలు చూసి బతికిన మాకు మా ఇల్లు పంచుకోవడం చూడటం అదో రకంగా ఉండింది.

ఆ బి-1 అప్పీలు ఏమైందని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. అడ్మిట్ అయింది, స్టే వచ్చింది, తర్వాత పదకొండేళ్లు లిస్టులోకి రాలేదు. ఈలోగా చిన్నాయన పోయాడు, వారసులను చేర్చే పిటిషన్ వేశాం. ఆ తర్వాత మా పెద్దాయన పోయాడు, మళ్లీ పిటిషన్. నడిమి ఆయన ఒక్కడే మిగిలాడు, ఆయనకు ఈ గొడవ ఎప్పుడూ పట్టలేదు. చివరికి విచారణకు వచ్చిన రోజు సీనియర్ గారు ఆ మడత కాగితం ఎత్తి చూపించి పావుగంట మాట్లాడారు. జడ్జి గారు తెలుగువారు. భూతద్దం అడిగి తనే చదువుకున్నారు. అప్పీలు అలో అయింది, దావా కొట్టేశారు.

నకలు తీసుకోవడానికి పెద్దాయన కొడుకు వచ్చాడు. అతనూ నడివయసు వాడే, సంచిలో మాకు నాలుగు మామిడిపళ్లు కూడా తెచ్చాడు. తీర్పు చదవలేదు. చివరి పేజీ వెనక్కి తిప్పి ముద్ర మీద తేదీలు వేలితో ఒక్కొక్కటే చూసుకున్నాడు.

"సుప్రీంకోర్టుకు వెళ్లడానికి వాళ్లకి ఎన్ని రోజులుంటుందండీ?" అని అడిగాడు.

తొంభై అని చెప్పాను.